ఎవరూ అడగని బొమ్మ

బొమ్మలేసి బతికేవాళ్ళకి వచ్చే జబ్బుల్లో నడుంనొప్పిది రెండో స్థానం. మొదటిది చెయ్యి మరీ బాగా తిరిగిపోవడం. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో టేబులు వేసుకుని కూర్చున్న ఆర్టిస్టు దగ్గరికి ఏడాది పొడుగునా వచ్చే పనులేమిటో చూడండి. శుభలేఖ మీదికి వినాయకుడు, సన్నాయి, అరటిచెట్లు. స్కూలు గైడులోకి ఆవు, గుండె, వాన ఎలా పడుతుందో చూపించే బాణం గుర్తులు. చేపల మేత కంపెనీ క్యాలెండరుకి నీళ్ళలోంచి ఎగిరిపడుతున్న బొచ్చె. సంక్రాంతి ఫ్లెక్సీకి కోడిపుంజు. నాలుగైదేళ్ళు గడిచేసరికి ఇవన్నీ చేతికి వచ్చేస్తాయి. ఫోనులో రేటు మాట్లాడుతూనే వినాయకుణ్ణి దించేస్తాం. పక్కనున్నవాళ్ళు "ఏం చెయ్యండీ బాబూ మీది!" అంటారు. ఆ బొమ్మ వేస్తున్నంతసేపూ మన బుర్ర ఎక్కడో ఉంది. బొమ్మ మాత్రం బాగానే వచ్చింది. ప్రమాదమంతా అందులోనే ఉంది.

అనుమానంగా ఉంటే చిన్న పరీక్ష పెట్టుకోండి. ఆలోచించకుండా ఒక గూడబాతును గీయండి. కొల్లేటి ఒడ్డున బతుకుతున్నాం, చూడని పక్షేమీ కాదు. అయినా మనలో చాలామంది గీసేది తెల్లటి ఒళ్ళు, పసుపుపచ్చ సంచీ ఉన్న పక్షిని. అది ఏ ఫోనులోనో, ఏ దేశం పుస్తకంలోనో చూసిన పక్షి. కైకలూరు పక్కన ఆటపాకలో అటవీశాఖవాళ్ళు వేసిన ఇనప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకునే గూడబాతు బూడిదరంగుది. పై ముక్కు అంచున వరసగా నల్లటి మచ్చలుంటాయి. సంచీ పసుపుపచ్చగా ఉండదు, మాసిపోయిన గులాబీ రంగులో ఉంటుంది. బస్సెక్కితే చూసి రాగలిగే పక్షిని చెయ్యి పట్టించుకోలేదు. తనకి వచ్చిన పక్షినే వేసి పారేసింది.

మన గోదావరి జిల్లాలవాళ్ళకి ఇంకో తిప్పలు కూడా ఉంది. 1933లో నరసాపురంలో పుట్టిన బాపుగారు ఇక్కడి చేతులన్నిటినీ తన చేతులుగా మార్చేసుకున్నారు. వాలుజడ వేసినా, పెద్ద కళ్ళు వేసినా, చివరికి శుభలేఖ మీద పేరు రాసినా ఆయన గీతే వచ్చి కూర్చుంటుంది. ఆయన చేతిరాత ఫాంటుగా కూడా వచ్చాక ఇక తప్పించుకునే దారే లేదు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు, అంత మంచి గీత గీసినందుకు శిక్ష మనకి పడింది.

కాబట్టి ఈ అధ్యాయంలో చెప్పదలుచుకున్నది ఇది. ఆర్డరు పనులు ఎన్ని ఉన్నా, ఎవరూ అడగని బొమ్మ ఒకటి పక్కన నడుస్తూ ఉండాలి. అది కుంచె పట్టి నేరుగా వేసేది కాకుండా అచ్చు తీసేది అయితే మరీ మేలు. రోజూ స్కెచ్‌బుక్కులో గీయండి అని అందరూ చెబుతారు. నేనూ వద్దనను. కానీ స్కెచ్‌బుక్కులో గీసేది కూడా ఆ తిరిగిన చెయ్యే కదా! అచ్చు దగ్గర ఆ చేతి పెత్తనం సాగదు. చెక్కేటప్పుడు ఉలి కొంత తనకి నచ్చినట్టు పోతుంది. కాగితం మీదికి ఎక్కేటప్పుడు బొమ్మ కుడిఎడమలు తారుమారవుతుంది. సిరా ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో కాగితం లేపేదాకా దేవుడికే తెలియాలి. తను వేసిన బొమ్మను చూసి తనే ఆశ్చర్యపోయే అవకాశం ఆర్టిస్టుకి ఇంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదు.

జీతం ఒకచోట, రేకు ఒకచోట

"తీరికున్నవాళ్ళకి కదండీ ఇవన్నీ" అంటారేమో. తీరిక లేనివాళ్ళ సంగతే చెబుతాను.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ హైదరాబాద్‌లో బొమ్మలు నేర్చుకుని, 1963లో బరోడా వెళ్ళారు. అక్కడ మ్యూరల్ పనీ, ప్రింట్‌మేకింగూ చదివారు. తిరిగొచ్చాక ఆయన చేసిన ఉద్యోగాల్లో ఒకటి హైదరాబాద్ దూరదర్శన్‌లో గ్రాఫిక్ డిజైనర్. టీవీ కేంద్రంలో బొమ్మల పనంటే ఇవాళ అడిగింది ఇవాళే ఇవ్వాలి. మనకి శుభలేఖలవాళ్ళు పెట్టే హడావుడి దాని ముందు ఏపాటిది! ఉద్యోగం ఉద్యోగమే, ఎచింగ్ ఎచింగే. ఆ పద్ధతి వినడానికి రసాయనశాస్త్రం పాఠంలా ఉంటుంది. లోహపు రేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీస్తారు. సూది పోయినచోట పూత లేచిపోతుంది. రేకును ఆమ్లంలో పెడితే, పూత లేచినచోటల్లా ఆమ్లం లోహాన్ని తినేస్తుంది. ఆ గాడుల్లోకి సిరా రుద్ది, పైన ఉన్నది తుడిచేసి, తడి కాగితం పెట్టి ప్రెస్సులో గట్టిగా నొక్కుతారు. గీత గీసింది మనిషే, దాని లోతు తేల్చింది ఆమ్లం. ఎంతసేపు ఉంచితే అంత నలుపు. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో పల్లెటూరి ఆడామగా, మేకలూ, చెట్లూ ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. అంత సన్నని, అంత మొండి గీత కుంచెతో రాదు. ఆయన అక్కడితో ఆగలేదు. గాజు వెనకవైపు వేసే బొమ్మలు, మట్టి, కంచు, ఏది దొరికితే దాంతో ఆడుకున్నారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. టీవీ టైటిళ్ళకి మాత్రం ఇచ్చి ఉండరు.

బరోడాలో ఆయన గురువు కె.జి. సుబ్రమణ్యన్ ఇంకా గడుసువాడు. గోడలంత మ్యూరల్స్ చేసిన మనిషి, కాలేజీలో జరిగే ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ కోసం చెక్కముక్కలు, తోలు, పూసలతో పిల్లల ఆటబొమ్మలు చేసేవారు. పాఠాల కంటే ఆ ఆటబొమ్మల దగ్గరే శిష్యులకి ఎక్కువ అబ్బి ఉంటుందని నా నమ్మకం.

మన ఊరి మనిషి కావాలంటే మోహన్ ఉన్నారు. 1950లో ఏలూరులో పుట్టారు. విశాలాంధ్రలో సబ్ ఎడిటరుగా మొదలై, ఉదయంలో రాజకీయ కార్టూన్లు వేశారు. దినపత్రికలో కార్టూనంటే తప్పించుకోలేని రోజువారీ గండం. అది గడుపుతూనే ఎందరి పుస్తకాలకో ముఖచిత్రాలు, ఉద్యమాలకి పోస్టర్లు వేశారు. ఆపైన యానిమేషన్ మీద పడ్డారు. ‘కార్టూన్ కబుర్లు’ అని తన పని గురించి తనే సరదాగా రాసుకున్నారు. 2017లో పోయారు. ఆయన గీత చూస్తే రోజూ వేసేవాడి విసుగు అందులో కనపడదు. పక్కదారులు అన్ని ఉండబట్టే అనుకుంటాను.

రబ్బరు ముక్కతో మొదలు

ఎచింగుకి ఆమ్లం కావాలి, ప్రెస్సు కావాలి. ఇంట్లో పెట్టుకోదగ్గ పని కాదు. అక్కడ మొదలు పెట్టకండి. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ఒకటి, కొత్త బ్లేడు ఒకటి తీసుకోండి. రబ్బరు మీద ఒక జెల్ల చేపను గీయండి, మీసాలతో సహా. చేప చుట్టూ ఉన్నదంతా బ్లేడుతో కోసి తీసేయండి. స్టాంపు ప్యాడ్ మీద అద్ది కాగితం మీద ఒత్తండి. మీసాలు తెగిపోయి ఉంటాయి, ఒక మీసం పొట్టిగా ఉంటుంది. సవరించడానికి లేదు. అందుకే ఆ జెల్ల మీ క్యాలెండరు చేపలన్నిటికంటే బతికున్నట్టు ఉంటుంది.

రబ్బరు ముక్క ఇరుకనిపించాక లినోలియం షీటుకి వెళ్ళండి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఆర్టు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. దొరక్కపోతే చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర అట్ట కోసం వాడే మెత్తటి రబ్బరు షీటు అడగండి, పని జరిగిపోతుంది. చెక్కడానికి వి ఆకారం, యు ఆకారం మొనలున్న చిన్న ఉలుల సెట్టు కావాలి. ఉలిని ఎప్పుడూ మీకు దూరంగా తోయాలి, షీటు పట్టుకున్న ఎడమచెయ్యి ఉలి వెనకాలే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితే కుట్లు పడతాయి. షీటును కాసేపు ఎండలో పెడితే మెత్తబడి, ఉలి బాగా సాగుతుంది.

సిరాకి స్టేషనరీ షాపు అక్కర్లేదు. మీ బొమ్మలు అచ్చయ్యే ప్రెస్సులోనే ఆఫ్‌సెట్ ఇంకు అడగండి. డబ్బా అడుగున మిగిలింది ఇస్తారు. నలుపు ఒక్కటి చాలు. గాజుపలక మీద కొంచెం వేసి రబ్బరు రోలరుతో చిటచిటమనే శబ్దం వచ్చేదాకా పరవండి. ఆ శబ్దం రాకుండా జారుతుంటే సిరా ఎక్కువైనట్టు. షీటుకి పట్టించి, కాగితం వేసి, స్టీలు గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకి రుద్దండి. అదే మీ ప్రెస్సు.

ఇక్కడే బాపుగారి గీత చేతులెత్తేస్తుంది. ఆ సన్నం నుంచి లావుకి, లావు నుంచి సన్నానికి పోయే కుంచె ఒంపును లినో మీద చెక్కి చూడండి, మీకే తెలుస్తుంది. లినోకి బండగీత కావాలి, పెద్ద నలుపు కావాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహం అప్పుడు నందలాల్ బోస్ చెక్కిన బాపూజీ బొమ్మ అందరూ చూసిందే. కర్ర పట్టుకుని నడుస్తున్న మనిషి. నలుపు, తెలుపు తప్ప మధ్యలో ఏదీ లేదు. అజంతా రంగుల్ని ఆకళింపు చేసుకున్న చిత్రకారుడు రంగులన్నీ పక్కన పెట్టి అది చేశారు. పికాసో అయితే డెబ్భై దాటాక లినో పట్టుకుని, ఒకే పలకను రంగు రంగుకీ ఇంకొంచెం చెక్కేసుకుంటూ పోయే పద్ధతితో ఆడుకున్నాడు. రెండో రంగు వేశాక మొదటిదానికి వెనక్కి పోవడం కుదరదు, ఆ భాగం చెత్తబుట్టలో ఉంటుంది. ధైర్యం చాలనివాళ్ళు ముందు రెండు రంగులతో సరిపెట్టుకోండి.

అక్షరాలు చెక్కాలనుకుంటే ట్రేసింగ్ కాగితం మీద రాసి, బోర్లించి షీటు మీదికి ఎక్కించుకోండి. అద్దంలో చూస్తూ తెలుగు రాయగలను అనుకుంటారు గానీ, కొమ్ము దగ్గరా వత్తుల దగ్గరా బోల్తా పడిపోతారు. తలకట్టు వంపు ఎటు పోవాలో ముప్పై ఏళ్ళు రాసిన చేతికి కూడా ఒక్కసారిగా తెలియకుండా పోతుంది. ఆ తికమకలో అక్షరాన్ని మళ్ళీ కొత్తగా చూస్తాం. లెటరింగ్ చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి కసరత్తు నాకు తెలియదు.

శీలావతి అచ్చు

కొల్లేటివాళ్ళం కాబట్టి ఈ ఆట మనకే పుట్టిందనిపిస్తుంది. పుట్టింది మాత్రం జపానులో. అక్కడి జాలర్లు పట్టిన చేప ఎంతుందో గుర్తుండడానికి 19వ శతాబ్దంలో దానికే సిరా పూసి కాగితం మీద అచ్చు తీసుకునేవాళ్ళు. దాన్ని గ్యోటాకు అంటారు. మన దగ్గర ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు లారీల కొద్దీ బెంగాల్ దాకా పోతాయి. ఒక్కటి మన టేబులు మీదికి రావడానికి ఏం ఇబ్బంది!

పొలుసు పెద్దగా, ఒళ్ళు చదునుగా ఉన్న చేపను ఎంచుకోండి. శీలావతి మంచిది, బొచ్చె కూడా మంచిదే. కొర్రమీను గుండ్రంగా ఉంటుంది కాబట్టి కాగితం ముడతలు పడుతుంది. జెల్లకి పొలుసే లేదు. చేపల బజారులో చిక్కు ఏమిటంటే, తూకం వేసిన మరుక్షణం కత్తి లేస్తుంది.

"పొలుసు తీసి ముక్కలు కొట్టేస్తానండీ, కూరకా వేపుడుకా?"

"వద్దమ్మా, ఏం చేయకు. తోకతో సహా అలాగే ఇచ్చేయి."

"పొలుసుతో ఏం చేసుకుంటారండీ బాబూ!"

అచ్చు తీస్తానని చెప్పి చూడండి. పక్క గంపలావిడ కూడా వచ్చి, ఏ చేప మొహం బాగుందో ఏరి ఇస్తుంది. రెక్క విరగని చేప, కన్ను నిగనిగలాడే చేప వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు.

ఇంటికి తెచ్చాక రాళ్ళుప్పుతో మెల్లగా రుద్ది కడగండి. జిగురంతా పోవాలి. జిగురు ఉంటే సిరా పట్టదు, కాగితం అంటుకుపోతుంది. పొలుసు ఊడకుండా తల నుంచి తోకవైపే చెయ్యి పోనివ్వాలి. మొప్పల్లో, నోట్లో కాగితం ఉండలు కుక్కండి, లేకపోతే సరిగ్గా అచ్చు తీసే సమయానికి నీళ్ళు కారతాయి. పాత గుడ్డతో అద్ది పొడిగా తుడవండి. ఇప్పుడు థర్మోకోల్ పలక మీద, చేప ఆకారంలో కొంచెం గుంట చేసి పడుకోబెట్టండి. రెక్కల్ని విప్పదీసి గుండుసూదులతో నిలబెట్టండి. కాసేపటికి రెక్కలు ఆరి అలాగే బిగుసుకుంటాయి, అప్పుడు సూదులు తీసేయొచ్చు.

సిరా మెత్తటి కుంచెతో పలచగా పూయాలి. మొదట తల నుంచి తోకకి, తర్వాత ఒక్కసారి ఎదురు దిశలో తేలిగ్గా. ఎదురు పూసినప్పుడే పొలుసుల అంచులకి సిరా అందుతుంది. కన్ను వదిలేయండి. కాగితం పలచనిది కావాలి, గాలిపటాలు కట్టే కాగితం బ్రహ్మాండంగా పనికొస్తుంది. చేప మీద పరిచి, వేళ్ళతోనే ఒత్తుకుంటూ పోండి. గరిటెతో ఇక్కడ పనిలేదు. మొప్ప మూత అంచు, రెక్క మొదలు, పక్కన తల నుంచి తోక దాకా పోయే గీత, అన్నీ వేలికి తగులుతాయి. కాగితం కదలకూడదు. ఒక మూల నుంచి నెమ్మదిగా లేపండి.

మొదటి అచ్చు చూసి నిరుత్సాహపడకండి, అది దాదాపు ఎప్పుడూ నల్ల ముద్దే. మళ్ళీ సిరా పూయకుండా, మిగిలినదాంతోనే రెండో కాగితం వేయండి. పొలుసు పొలుసూ దిగేది అందులోనే. ఒక్కో పొలుసు వెనకదాని మీదికి ఎంత ఎక్కుతుందో, పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఎంత చిన్నదవుతుందో కనపడుతుంది. వీపు రెక్క మొదలయ్యేచోటికి సూటిగా కిందికి చూస్తే పొట్ట రెక్క ఎక్కడుందో చూడండి. ఇన్నాళ్ళూ క్యాలెండర్లలో దాన్ని ఎక్కడ పెడుతున్నారో పోల్చుకోండి. కాగితం ఆరాక కన్ను మాత్రం కుంచెతో మీరు పెట్టాలి. చేప అంతా తనే దిగింది, ఆ ఒక్క చుక్క మీది. పెట్టేముందు ఎవరైనా ఒక నిమిషం ఆగుతారు.

ప్రెస్సు ఇంకు పూసిన చేపను వండుకోవద్దు. దీపం మసిని తుమ్మబంక నీళ్ళలో నూరి సిరా చేసుకుంటే, అచ్చులయ్యాక తోలు తీసి పులుసు పెట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటేనే అనుకోండి.

శాకాహారులు గుర్రపు డెక్క తెచ్చుకోండి. దాని ఉబ్బిన కాడను అడ్డంగా కోస్తే లోపలంతా గాలి గదులు. సిరా అద్ది ఒత్తితే సన్నటి వల పడుతుంది. తామరకాడ కోస్తే కన్నాల పువ్వు. కొల్లేరుకి ఇంత చేటు చేసిన గుర్రపు డెక్క కాగితం మీద ఇంత అందంగా దిగడం ఒక్కోసారి ఒళ్ళు మండేలా చేస్తుంది.

పురికొస మ్యాపు, గోనెసంచి మార్కా

జూటుకి పేరుపడ్డ ఏలూరులో పురికొసకి కరువేమిటి! దళసరి అట్టముక్క మీద ఫెవికాల్ రాసి, పురికొసను కొల్లేరు ఆకారంలో అంటించండి. తమ్మిలేరుకి ఒక పోగు, రామిలేరుకి ఒకటి, బుడమేరుకి ఒకటి. ఇవన్నీ వచ్చి కలిసేవి. బయటికి పోయేది ఒక్క ఉప్పుటేరే, దానికి రెండు పోగులు పేనండి. ఆరాక పైన పలచగా వార్నిష్ వేస్తే సిరా పీల్చదు. రోలరుతో సిరా పట్టించి అచ్చు తీయండి. అంటించేటప్పుడు తిరగేసి అంటించాలి సుమండీ, లేకపోతే ఆకివీడు పడమటికి పోయి కైకలూరు తూర్పున తేలుతుంది. అలా తేలినది కూడా ఒకటి దాచుకోండి, బాగుంటుంది.

మన చుట్టూ ఉన్న అచ్చుల్ని కూడా చూడటం అలవాటు చేసుకోవాలి. రైసుమిల్లుల్లో గోనెసంచుల మీద మార్కా వేసే రేకు అచ్చులు చూశారా? సున్న లోపలి ముక్క ఊడిపోకుండా ఇరుపక్కలా సన్నటి వంతెన వదిలి కోస్తారు. ఆ వంతెనల వల్ల అక్షరానికి ఒక మొరటు అందం వస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాల మీద మార్కాలు చూసుకుంటూ ఒక చుట్టు తిరిగితే, కంప్యూటర్లో లేని అక్షరాలు బోలెడు కనపడతాయి. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అలాంటి అక్షరాలు కోసి, స్పాంజితో రంగు అద్దండి. మీ పేరుతోనే మొదలుపెట్టండి.

ఓపికుంటే మచిలీపట్నం పక్కన పెడన దాకా వెళ్ళండి. కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఒకే పువ్వుకి గీతకొక అచ్చు, ఎరుపుకొక అచ్చు, నిండుకొక అచ్చు. మూలలో చిన్న గుర్తు చూసుకుని ఒకదానిమీద ఒకటి కలుపుతారు. అరిగిపోయి పక్కన పడేసిన అచ్చు ఒకటి అడిగి కొనుక్కోండి. సగం ఊడిన ఆ తీగతో మీ కాగితం మీద ఏం చేస్తారన్నది మీ ఇష్టం.

అక్కడి నల్లరంగు తయారీ కూడా నేర్చుకోదగ్గది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. కరక్కాయ నీళ్ళు పట్టించిన గుడ్డ మీద ఆ ద్రవాన్ని అద్దితే, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నలుపు తేలుతుంది. కాగితం మీద కూడా అంతే. కరక్కాయ నీళ్ళు పూసి ఆరబెట్టిన కాగితం మీద కిక్కిస పుల్లను కలంలా చెక్కి, ఆ ద్రవంతో గీయండి. గీసినప్పుడు నీళ్ళలా ఉండి, చూస్తుండగానే నల్లబడుతుంది. కుండ మాత్రం పెరట్లోనే పెట్టండి, వాసనకి ఇరుగుపొరుగు ఊరుకోరు. ఆ నలుపు ఏళ్ళ తరబడి కాగితాన్ని తినేస్తుంది కూడా. కలకాలం దాచుకోవాలనుకునే బొమ్మలకి పనికిరాదు. ఆటకి ఢోకా లేదు.

ఆషాఢం

వీటన్నిటికీ టైమెక్కడ అంటే, పంచాంగంలో ఉంది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, శుభలేఖల పని పడుకుంటుంది. మూఢం వచ్చినా అంతే. ఆ రోజుల్లో ఖాళీగా ఉన్నామని దిగులుపడుతూ, బాకీలు వసూలు చేసుకుంటూ కూర్చుంటాం. ఆ దిగులు టేబులు మీదే ఆట పెట్టుకోండి. కాకపోతే వానాకాలం గాలిలో తేమకి ఆఫ్‌సెట్ ఇంకు త్వరగా ఆరదు. అచ్చుల్ని దొంతర పెట్టకుండా, బట్టల క్లిప్పులతో తాడుకి వేలాడదీయండి. రోజులు పట్టినా తొందరేముంది, ఎవరూ అడగలేదు కదా.

హద్దు మాత్రం ముందే గీసుకోవాలి. హద్దులేని ఆట రెండోరోజుకే ఆగిపోతుంది. పోస్టుకార్డు సైజు, ఒకే రంగు, ఏలూరు నుంచి కొల్లేటికోట దాకా దారిలో దొరికినవి మాత్రమే. ఇలాంటి షరతు ఏదో ఒకటి. పెద్దింట్లమ్మ గుడి దగ్గర నేలరాలిన ఆకు పనికొస్తుంది, ఫోనులో దొరికిన బొమ్మ పనికిరాదు. ప్రతి అచ్చు వెనకా తేదీ, కాగితం, సిరా రాసిపెట్టండి. చెడిపోయినవాటి వెనక తప్పకుండా రాయండి. ముందువైపు పెన్సిలుతో మూడు బై పది అని నంబర్లు వేసే ఆచారం అమ్ముకునేవాళ్ళది. మీకు అక్కర్లేదు.

ఆట నడుస్తున్నంతకాలం ఫోనులో పెట్టకండి. ఇది కొంచెం చాదస్తంగా వినిపిస్తుందని తెలుసు. కానీ పెట్టిన మర్నాటి నుంచి మనం లైకులొచ్చిన చేపనే మళ్ళీ వేస్తాం, మళ్ళీ అదే వేస్తాం. ఆర్డరిచ్చేవాడు ఒక్కడే మారాడు, మిగతాదంతా మామూలే. అచ్చులు మనుషులకి ఇవ్వండి. చేప ఏరి ఇచ్చిన ఆవిడకి ఒకటి, ఇంకు ఇచ్చిన ప్రెస్సువాళ్ళకి ఒకటి.

అలా ప్రెస్సు గోడకి అంటించిన శీలావతిని ఏదో ఒకరోజు ఏ మేత కంపెనీ మేనేజరో చూస్తాడు. "ఇదేదో బాగుందండీ, మా లోగోకి ఇచ్చేయండి, ఎలాగూ ఊరికే వేసిందే కదా" అంటాడు. ఆ అచ్చు ఇవ్వొద్దు. కావాలంటే కంపెనీ కోసం కొత్త చేప తెప్పించుకుని, కొత్తగా అచ్చు తీసి ఇవ్వండి. అడ్వాన్సు తీసుకోండి. చేప ఖర్చు బిల్లులో విడిగా వేయండి.